పక్క సీటులో అత్తగారు

పోయినవారం కోడలిని మనం ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందా? పార్కు వెనకవైపు, పనివాళ్ళ గేటు దగ్గర. చేతిలో పెద్ద రెంచీ, ముఖం నిండా గ్రీజు మరకలు, ఎదురుగా కాళికలా అత్తగారు. "పార్కు ఆఫీసులో టికెట్ల పని" అని ఇంట్లో ఇన్నేళ్ళుగా చెప్పుకుంటూ వచ్చిన ఆ పిల్ల, నిజానికి రోలర్ కోస్టర్ పట్టాలెక్కి రోజూ పొద్దున్నే ఒక్కో బోల్టూ తట్టి చూసే మనిషని ఆవిడకు ఆ రోజు దాకా తెలియదు. ఆ రహస్యం బయటపెట్టిన మహానుభావుడు ఎవరో కాదు, కోడలి మొగుడే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. పొద్దున్నే పెళ్ళాం పక్కన కూర్చుని ఆ కోస్టర్ ఎక్కుతానని మాటిచ్చి వచ్చాడు. తీరా దాన్ని చూశాక కంచె పక్కన కూలబడి, తల్లికి ఫోన్ చేసి కూర్చున్నాడు. "అమ్మా, నువ్వు రావాలి, నీ కోడలు ఎక్కడుందో చూడాలి," అన్నాట్ట. ఆవిడ కత్తిరిస్తున్న బట్ట బల్ల మీదే వదిలేసి, మెళ్ళో కొలతల టేపుతో సహా వచ్చేసింది.

"పద ఇంటికి," అన్నది అత్తగారు.

"అత్తయ్యా, ఒక్క మాట..."

"మాటలన్నీ ఇంటికెళ్ళాక. ఆ ఇనుము కింద పడెయ్. చేతులు కడుక్కో. పద."

"ఈ ఒక్కరోజు, అత్తయ్యా. ఇవాళ నేను లేకపోతే..."

"ఒక్కరోజు!" ఆవిడ గొంతు పగిలింది. "మీ మామయ్యా అదే అన్నాడు. ఈ ఒక్క గోడకి రంగేసి వచ్చేస్తానన్నాడు. వచ్చాడుగా! నలుగురు మోసుకొచ్చారు."

కోడలు తల వంచుకుంది. మామగారు మేడలకు రంగులేసే పని చేసేవాడు. పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎత్తు అన్న మాటే నిషిద్ధం. అటక మీద సామాను దించాలన్నా పక్కింటివాళ్ళని పిలుస్తారు. కొడుకు స్టూలెక్కితే కళ్ళు తిరిగి పడతాడు. అలాంటి ఇంటికి కోడలిగా వచ్చి, ఆ పిల్ల ఈ పని ఒప్పుకుంది. ఎందుకొప్పుకుందంటే, మొదటిరోజు పట్టా మీద నిలబడి కిందికి చూసినప్పుడు ఆమెకు భయం బదులు ఆకలేసింది. ఇది నేను చెప్పే మాట కాదు, ఆమే ఓసారి మొగుడికి చెప్పింది. అతనికి అర్థం కాలేదు, నవ్వి ఊరుకున్నాడు.

"ఇంతకీ నిన్ను దాని మీదకెక్కించిన ఆ మేస్త్రి ఎవడు? వాణ్ణి నాకు చూపించు. నాలుగు దులిపి వస్తా," అంటూ అత్తగారు గేటు తోసుకుని లోపలికి నడిచింది. కోడలు వెనకే పరిగెత్తింది. ఇరుకు దారి. ఒకవైపు పాత బండ్ల షెడ్డు, ఇంకోవైపు నూనె డబ్బాలు. ఆవిడ తిడుతూనే ఉంది. మేస్త్రిని, మేస్త్రి తల్లిదండ్రుల్ని, పార్కు యజమానుల్ని, నోరు విప్పని కోడలిని, నోరు మూసుకోలేని కొడుకుని, ఒక్కొక్కరినీ వరసగా. షెడ్డు మూల తిరిగింది. తిరగగానే నోటిలో తిట్టు నోటిలోనే ఆగిపోయింది.

ఎదురుగా ఉక్కు లేచి నిలబడి ఉంది.

దాన్ని దూరం నుంచి అందరూ చూస్తారు. ఊళ్ళో ఏ డాబా ఎక్కినా కనిపిస్తుంది. ఆవిడా తన కుట్టుపని కొట్టు గుమ్మంలోంచి ఏళ్ళ తరబడి చూసింది, పిల్లల ఆటబొమ్మలాగా ఉందనుకుంది. పాదాల దగ్గర నిలబడి తలెత్తడం వేరే సంగతి. మనిషి నడుమంత లావున్న నీలం రంగు గొట్టాలు రెండు జంటగా నేల మీద నుంచి బయలుదేరి, పైకి, ఇంకా పైకి, మెడ నొప్పి పుట్టేంత పైకి వెళ్ళి, అక్కడ వెనక్కి వాలి, తలకిందులై, మళ్ళీ దిగి వచ్చి తమను తామే దాటుకుంటూ అవతలికి పోతున్నాయి. చుట్టూ దాన్ని మోసే కాళ్ళు, తెల్లటివి, అడవిలో చెట్లంత దట్టంగా. ఇంతా చేసి ఆ మెలిక మధ్యలో ఉన్నదంతా ఖాళీ ఆకాశం. అందులోంచి ఒక పక్షి తాపీగా ఇటు నుంచి అటు వెళ్ళింది.

"అమ్మో," అన్నది అత్తగారు.

అంతలో ఎక్కడో పైన, బండిని ఎత్తుకి లాగే గొలుసు చప్పుడు ఆగింది. ఒక్క క్షణం ఏ శబ్దమూ లేదు. తర్వాత నేల అదిరింది. ఎర్రబండి ఒకటి కొండచరియలా ఊడిపడి, వాళ్ళ ముందు నుంచి హోరున దూసుకుపోయి, ఆ మెలికలోకి ఎక్కి, తలకిందులుగా వేలాడి, దిగి, మలుపు తిరిగి మాయమైపోయింది. దాని గాలికి ఆవిడ జుట్టుముడి ఊడిపోయింది. మెళ్ళో టేపు ఎగిరి భుజం వెనక్కి పడింది. ఆవిడ చెయ్యి తెలియకుండానే కోడలి మణికట్టు పట్టుకుంది.

"అందులో మనుషులున్నారే! తలకిందులుగా!"

"లేరత్తయ్యా, ఇసుక మూటలు. మనుషులంత బరువుంటాయి. ముందు ఖాళీ బండి తిప్పుతాం, తర్వాత మూటలతో. ఇది ఆఖరి మూటల బండి."

"పడిపోలేదేం?"

"పడవు. ఆ వేగమే వాటిని సీటుకి అదిమి ఉంచుతుంది. నీళ్ళ చెంబు గిరగిరా తిప్పితే నీళ్ళు ఒలకవు చూడండి, అలాగ."

అత్తగారు తల వెనక్కి వాల్చి చూస్తూనే ఉంది. ఆవిడ బట్టలు కుట్టే మనిషి. పిల్లల గౌన్ల దగ్గర నుంచి పెద్దవాళ్ళ కోట్ల దాకా కత్తిరించిన చెయ్యి. ఏ వంపు చూసినా కళ్ళు దాన్ని కొలుస్తాయి.

"ఇది గుండ్రంగా లేదేమే?" అన్నది చివరికి. "కింద వెడల్పు, పైన ఇరుకు. చేత్తో పిండినట్టుంది."

కోడలి ముఖం వెలిగిపోయింది. ఈ సంగతి కనిపెట్టేవాళ్ళు లక్షమందిలో ఒకరు కూడా ఉండరు. "అదే అత్తయ్యా! నిజంగా గుండ్రంగా చేస్తే కింద నుంచి ఎక్కేటప్పుడు మెడలు విరుగుతాయి. అందుకే కింద నెమ్మదిగా వంచుతూ పోయారు. పైకెళ్ళాక బండి వేగం తగ్గిపోతుంది కాబట్టి అక్కడ గభాల్న తిప్పేశారు."

"కోటు చంక దగ్గర కత్తెర తిప్పినట్టు."

"అంతే."

"ఎవరు కత్తిరించారో గాని, చెయ్యి తిరిగినవాడు," అని మెచ్చుకుంది ఆవిడ. అని, తను వచ్చింది మెచ్చుకోవడానికి కాదని అప్పుడే గుర్తొచ్చినట్టు చెయ్యి వదిలేసి ముఖం గంటు పెట్టుకుంది. "నువ్వు దాని మీద ఎక్కడ నడుస్తావు?"

కోడలు వేలెత్తి చూపించింది. ఆ వేలు మెలిక కొస దాకా వెళ్ళి ఆగింది. అత్తగారి కళ్ళు ఆ వేలి వెంటే వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాయి.

"ఆ పైన? తలకిందులయ్యే చోట?"

"అక్కడ బోల్టులే ముఖ్యం. రెండు కొక్కేలుంటాయి అత్తయ్యా, నా నడుముకి. ఒకటి తగిలించి గట్టిగా లాగి చూశాకే రెండోది తీస్తాను. రెండూ ఒకేసారి ఊడి ఉండడమంటూ ఉండదు. మా మేస్త్రి చూస్తే చంపేస్తాడు."

అత్తగారు మెలిక మీద నుంచి చూపు దించింది. "మీ మామయ్యకి ఒకటే తాడు," అన్నది. "అది కూడా ఎవరిదో అడిగి తెచ్చుకున్నాడు."

ఇన్నేళ్ళలో ఆ తాడు ఊసు ఆవిడ నోట వినడం అదే మొదలు. కోడలు రెంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

పెద్దమేస్త్రి అప్పుడే చేతికర్ర తాటించుకుంటూ వచ్చాడు. పొట్టి మనిషి, నెరిసిన మీసాలు, వెన్నుకి బెల్టు. ఈ కోస్టర్ నిలబెట్టినప్పటి నుంచీ దాన్ని కనిపెట్టుకుని ఉన్నవాడు. పార్కులో దాన్ని అందరూ "పెద్దది" అంటారు. బోర్డు మీద ఉన్న గొప్ప పేరు టికెట్లమ్మేవాళ్ళకే తెలుసు. మేస్త్రికి నిరుడు వెన్నుకి ఆపరేషన్ అయింది. ఇక కోస్టర్ జోలికి వెళ్ళొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే ఈ ఏడు మాట చెప్పే పని కోడలి మీద పడింది.

ఆ మాట సంగతి కొత్తగా చదివేవాళ్ళకి చెప్పాలి. వానల నెలల్లో పార్కు మూసేస్తారు. మళ్ళీ తెరిచే రోజున, జనం గేటు బయట నిలబడి ఉండగా, పట్టాల బాధ్యత ఎవరిదో ఆ మనిషి ముందు వరసలో కూర్చుని ఒక చుట్టు తిరిగి రావాలి. పక్క సీటులో తన సొంత మనిషిని కూర్చోబెట్టుకోవాలి. దిగాక "బాగుంది" అనాలి. ఆ మాట పడ్డాకే గేటు తీస్తారు. ఇది ఏ చట్టంలోనూ లేదు, మేస్త్రి పెట్టిన ఆనవాయితీ. "నీ మనిషిని ఎక్కించలేని బండిలో ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని ఎలా ఎక్కిస్తావురా?" అని ఆయన వాదం. భార్య ఉన్నన్నాళ్ళు ఆవిడని కూర్చోబెట్టుకున్నాడు, తర్వాత కూతుర్ని. ఇంకో నియమం కూడా ఉంది. మాట చెప్పే రోజు వచ్చేదాకా పట్టాల పనివాళ్ళెవరూ ఆ బండి ఎక్కకూడదు. సరదాకి ఎక్కినవాడికి భయం పోతుందట, భయం పోయినవాడు బోల్టు సరిగ్గా తట్టడట. కాబట్టి మన కోడలు ఇన్నేళ్ళూ ఆ పట్టాల మీద అంగుళం అంగుళం నడిచింది గాని ఒక్కసారి కూడా బండిలో కూర్చోలేదు. ఇవాళ ఆ మాట చెప్పగలిగితే పట్టాల మేస్త్రి ఆమే.

"ఏమ్మా, అతగాడు లేచాడా?" అని మేస్త్రి కంచె వైపు చూశాడు. కంచె పక్కన కొడుకుగారు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరో పాపం మంచినీళ్ళు పట్టిస్తున్నారు.

"మేస్త్రి మీరేనా?" అన్నది అత్తగారు.

"నేనేనమ్మా."

"మా ఇంటి పిల్లని ఆ పైకి ఎక్కించేది మీరేనా?"

"నేనెక్కించడమేమిటమ్మా, దించడమే నాకు కష్టంగా ఉంటే! పొద్దున్న ఎక్కిందంటే మూడుసార్లు కేకేస్తే గాని దిగదు."

అత్తగారు ఆయన వైపు, కోడలి వైపు, పైన మెలిక వైపు మార్చి మార్చి చూసింది. నాలుగు దులుపుదామని వచ్చిన మనిషి, ఒక్కటీ దులపలేదు. ఊడిన జుట్టు మళ్ళీ ముడేసుకుంది. మెళ్ళో టేపు తీసి బొడ్లో దోపుకుంది.

"సరే, నేను కూర్చుంటా."

"అత్తయ్యా!"

"నోర్మూసుకో. నువ్వు చూసి బాగుందన్న దాని మీద నేను కూర్చోలేకపోతే రేపు పొద్దున్న నిన్ను ఏ ముఖంతో పంపను? కూర్చుంటా. నాకు నమ్మకం కుదిరిందా, సరే. కుదరలేదా, ఇక్కణ్ణించి నేరుగా ఇంటికి. ఆ రెంచీ మళ్ళీ పట్టుకోకూడదు. ఒప్పుకుంటావా?"

కోడలు రెంచీ కింద పెట్టింది. ఒప్పుకోక చేసేదేముంది? తల ఊపింది.

చుట్టూ చేరిన పనివాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. బండిని నడిపే మీటల గదిలో కూర్చునే మైకు మామ కిటికీలోంచి తల బయటపెట్టాడు. పార్కంతా వినిపించేలా మైకులో మాట్లాడడం ఆయన ఉద్యోగం, మైకు లేకపోయినా ఆయన గొంతు అంతే. "మేస్త్రీ! అత్తగారిని ఎక్కిస్తే లెక్కలోకి వస్తుందా? అలాంటి అవకాశం ఏ కోడలు వదులుకుంటుందయ్యా?"

అందరూ గొల్లుమన్నారు. అత్తగారు కూడా నవ్వాపుకోలేక మూతి బిగించింది. మేస్త్రి మాత్రం నవ్వలేదు. కోడలి ముందుకొచ్చి కర్ర నేలకి ఆనించాడు.

"వాడన్నది వేళాకోళానికే గాని, నేను నిజంగానే అడుగుతున్నా. ఈవిడ నీ మనిషేనా?"

"మా అత్తగారండీ. మా ఇంటి..."

"వరస నాకు తెలుసు. నీ మనిషేనా అని అడిగా."

కోడలు పెళ్ళయిన దగ్గర నుంచీ ఆవిడ ముందు అబద్ధమాడుతూ బతికింది. గ్రీజు వాసన పోయేదాకా బయట కుళాయి దగ్గర చేతులు రుద్దుకుని లోపలికి వెళ్ళేది. ఆవిడ కూర వడ్డిస్తూ "ఇవాళ టికెట్లు బాగా తెగాయా?" అని అడిగితే ఏదో ఒకటి చెప్పేది. అంత దాచుకున్న మనిషిని నా మనిషి అని ఏ నోటితో అంటుంది?

"అదేదో నాకూ తెలుసుకోవాలనే ఉంది," అన్నది అత్తగారు. "ముందు ఎక్కించండి బాబూ, జనం అవతల అరుస్తున్నారు."

నిజమే, గేటు బయట జనం అరుస్తున్నారు. మేనేజరు గేటుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మేస్త్రి ఒక్క నిమిషం ఆలోచించి పక్కకి తప్పుకున్నాడు.

ముందు వరసలో ఇద్దరూ కూర్చున్నారు. భుజాల మీదుగా బరువైన కడ్డీలు దిగి గుండెకి ఆనుకున్నాయి. కోడలు తన కడ్డీ లాగి చూసుకుంది, తర్వాత అత్తగారిది లాగింది, మళ్ళీ లాగింది, ఇంకోసారి లాగింది.

"ఊడపీకుతావా ఏమిటే?" అన్నది అత్తగారు.

బండి కదిలింది. కొండలాంటి మొదటి ఎత్తు దగ్గర గొలుసు దాన్ని అందుకుని టకటకమంటూ పైకి లాగడం మొదలెట్టింది. వెల్లకిలా పడుకున్నట్టయింది ఇద్దరికీ. ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ లేదు. అత్తగారు ముందు దేవుణ్ణి తలుచుకుంది, తర్వాత కొడుకుని తిట్టింది, తర్వాత రెండూ కలిపి చేసింది. కాసేపటికి తల పక్కకి తిప్పి చూసింది. మాట ఆగిపోయింది.

కింద ఊరంతా పరిచి ఉంది. డాబాలు, నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు, అగ్గిపెట్టెల్లా కార్లు. దూరంగా నది ఎండలో మెరుస్తూ వంకర తిరిగి పోతోంది. ఆ నది అంత పెద్దదని ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక ఇవాళే తెలిసింది.

"అదిగో మన కొట్టు," అన్నది గుసగుసగా. "ఆ పచ్చరేకు మనదే కదూ?"

"మనదే అత్తయ్యా."

"మీ మామయ్య చెప్పేవాడు. పైనుంచి చూస్తే మన కష్టాలన్నీ అగ్గిపుల్లలంత కనిపిస్తాయే అని. నేను నమ్మేదాన్ని కాదు." ఆవిడ కళ్ళు చెమర్చాయి. "పాపం, ఆ మనిషి రోజూ ఇది చూసేవాడన్నమాట."

గొలుసు చప్పుడు ఆగింది. కొండ కొస మీద బండి ఒక్క క్షణం తటపటాయించింది. కోడలు రోజూ అడుగుపెట్టే చోటే అది. అక్కడి ప్రతి బోల్టూ ఆమెకు తెలుసు, ఎక్కడ రంగు పెచ్చులూడిందో తెలుసు. అయినా ఆ క్షణంలో ఏదీ గుర్తు రాలేదు.

తర్వాత కింద ఉన్నదంతా ఒక్కసారిగా మీదికొచ్చింది.

అరిచారో లేదో ఇద్దరికీ తెలియదు. గాలి నోట్లోకి జొరబడి అరుపుని వెనక్కి తోసేసింది. తెల్లటి కాళ్ళు కలిసిపోయి గోడలా పారుతున్నాయి. నేల అందినట్టే అయింది, అంతలోనే ఒళ్ళు బరువెక్కింది, ఎంత బరువంటే కనురెప్ప ఎత్తడం కూడా కష్టమయ్యేంత. మెలికలోకి ఎక్కుతున్నారు. ఆకాశం ముఖం మీదికి వంగింది. పైకి, పైకి, ఆ బరువంతా కరిగిపోయి, హఠాత్తుగా ఏమీ లేదు. బరువు లేదు, చప్పుడు లేదు. కాళ్ళ వైపు మబ్బులున్నాయి. తల మీద నేల ఉంది, దాని మీద చీమలంత మనుషులు తలకిందులుగా నిలబడి ఉన్నారు. కోడలికి ఊపిరాడలేదు. రోజూ చేత్తో తడిమే ఉక్కు ఇదేనా? కదలకుండా, చల్లగా, మూగగా ఉండేది ఇదేనా? ఇన్నాళ్ళూ తను తుడిచింది పక్షి రెక్కనని, అది ఎగరడం ఇవాళే చూస్తున్నానని అనిపించి ఏడుపొచ్చింది. పక్కనుంచి అత్తగారి గొంతు వినిపించింది. అది అరుపు కాదు. చంటిపిల్లలు మొదటిసారి దీపం చూసినప్పుడు అంటారే, "ఆఁ..." అని, అలాంటిది.

బండి దిగింది. మెలిక అడుగున వంపు తిరిగి బయటికి వచ్చేచోట, ఎవరో భుజం పట్టుకుని ఎడమవైపు లాగినట్టు చిన్న ఈడ్పు తగిలింది. ఎంత చిన్నదంటే, దారిలో నడుస్తుంటే చొక్కా అంచు తలుపు గడియకి తగులుకుని వదిలినంత. తర్వాత మలుపులు, ఎగుడుదిగుళ్ళు, బ్రేకులు. ప్లాట్‌ఫారం వచ్చి పక్కన నిలబడింది. కడ్డీలు లేచాయి.

అత్తగారు కదలలేదు. జుట్టు రేగిపోయి, కళ్ళ వెంట నీళ్ళు చెవుల దాకా పాకి, నోరు తెరుచుకుని ఉంది. కోడలికి భయమేసింది. "అత్తయ్యా? అత్తయ్యా, బాగానే ఉన్నారా?"

ఆవిడ నవ్వింది. మామగారు పోయాక ఆ ఇంట్లో అలాంటి నవ్వు ఎవరూ విని ఉండరు. కంచె దగ్గర కొడుకు కూడా ఉలిక్కిపడి తలెత్తాడు.

"ఓసి నీ అఘాయిత్యం కూలా! ఇంత వైభోగం ఇక్కడ పెట్టుకుని టికెట్లమ్ముతున్నానని చెప్తావా నాకు?" అని కోడలి బుగ్గ పట్టుకుని గుంజింది. "నడువు, రోజూ నడువు దాని మీద. రేపట్నుంచి నీ అన్నం డబ్బా నేనే సర్దుతా. ఆ కొక్కేల బెల్టు ఒకసారి ఇంటికి తీసుకురా, కుట్లు నేను చూస్తా. ఇంకొకడి కుట్టు నేను నమ్మను."

చుట్టూ చప్పట్లు. మైకు మామ ఈల వేశాడు. మేస్త్రి మీసాల కింద నవ్వుతూ కోడలి వైపు చూసి "ఊఁ?" అన్నాడు.

ఒక్క మాట చాలు. ఆ మాట అనేస్తే అన్నీ తనవే. పని తనది, మేస్త్రి స్థానం తనది, ఇంట్లో అబద్ధం చెప్పనక్కర్లేని బతుకు తనది. కోడలు నోరు తెరిచింది.

ఆ ఈడ్పు. అది ఎప్పుడూ ఉండేదేనా? బండి స్వభావమే అంతేనా? ఎలా తెలుస్తుంది? ఇంతకు ముందెప్పుడూ ఎక్కి ఎరగదు. పొద్దున్న అక్కడి బోల్టులన్నీ తట్టి చూసింది, అన్నీ బిగుతుగానే పలికాయి. మూటల బళ్ళు చక్కగా తిరిగొచ్చాయి. అయినా ఇసుక మూటలకు నోరేదీ, చెప్పడానికి? మొదటిసారి ఎక్కిన మనిషికి ఒళ్ళంతా కుదుపులే కదా, అందులో ఒక కుదుపు పట్టుకుని ఆపమంటే నవ్వరూ? మేస్త్రిని అడుగుదామంటే ఈ ఏడు ఆయన ఎక్కనే లేదు.

మేనేజరు అవేవీ చూడలేదు. అత్తగారి నవ్వు చూశాడు, అతనికి అదే చాలు. ప్లాట్‌ఫారం కొసన నిలబడి గేటు వైపు చెయ్యి ఊపేశాడు. గేటు తెరుచుకుంది. జనం హోరుమంటూ లోపలికి పరిగెత్తుకు రావడం వినిపించింది.

"మైకు బాబూ, ఇంకొక్కసారి నొక్కు," అన్నది అత్తగారు, పైకి లేచిన కడ్డీని రెండు చేతులా పట్టుకుని గుండెకి లాక్కుంటూ. "నువ్వు దిగవే కావాలంటే. నేను మాత్రం దిగను."

కోడలికి ఆ దృశ్యం కళ్ళముందు కదిలింది. ఎర్రబండి, అందులో ఈవిడ ఒక్కతే, జుట్టు రేపుకుని నవ్వుతూ మళ్ళీ ఆ వంపులోకి... తను ఆలోచించుకోకముందే చెయ్యి వెళ్ళి ఆ కడ్డీని పైకి తోసేసింది.

"దిగండి అత్తయ్యా."

"ఇంకొక్కసారేనే..."

"దిగండి. మిమ్మల్ని మళ్ళీ దీన్లో ఎక్కించను. చచ్చినా ఎక్కించను."

చప్పట్లు ఆగిపోయాయి. అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది. ఏం కనిపించిందో గాని, మారు మాట్లాడకుండా దిగిపోయింది. మేస్త్రి నవ్వు మాయమైంది. ఆయన భయపడ్డావా అని అడగలేదు, నిజమేనా అని అడగలేదు.

"ఎక్కడ?" అన్నాడు.

"మెలిక దిగాక, బయటికొచ్చే చోట. ఎడమవైపు లాగింది."

"ఇదేమిటి కొత్త గోల?" మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "మొదటిసారి ఎక్కింది, జడుసుకుంది. అంతే కదా? ముసలావిడే మళ్ళీ ఎక్కుతానంటుంటే! జనం మెట్ల దాకా వచ్చేశారు, ఇప్పుడు ఆపమంటే నా ఉద్యోగం ఏం కావాలి?"

నిజంగానే మెట్ల మీద అడుగుల చప్పుడు. పిల్లలు ముందు, పెద్దలు వెనక, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ముందు వరస కోసం ఎగబడుతున్నారు. అత్తగారు గబగబా వెళ్ళి మెట్ల కొసన నిలబడి, రెండు చేతులూ చాపి అటూ ఇటూ కమ్మీలు పట్టుకుంది.

"ఆగండి! నా కోడలు చెప్పేదాకా ఒక్క మనిషి దీన్నెక్కడానికి వీల్లేదు!"

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు ముందు మెట్టు మీద ఒకడు.

"దాని మనిషిని," అన్నది అత్తగారు. "దాటుకుని వెళ్ళాలనుకుంటే నన్ను దాటుకుని వెళ్ళు, చూస్తా."

కోడలు వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడ్చేస్తానని తెలుసు. మైకు మామ కిటికీలోంచి "మేస్త్రీ, ఏం చెయ్యమంటారు?" అని అరిచాడు. మేస్త్రి కర్రతో కోడలిని చూపించాడు. "ఆవిణ్ణి అడుగు. ఇవాళ్టి నుంచి ఆవిణ్ణే అడుగు."

"ఖాళీ బండి వదలండి, మామా," అన్నది కోడలు. "నేను ఆ మెలిక కాలు దగ్గరుంటాను. చెయ్యి ఊపాకే వదలండి."

పనివాళ్ళ వైపు మెట్లు దూకి పరుగెత్తింది. మెలిక దిగే చోట, ఎడమవైపున, తెల్లటి కాలు ఒకటి నేలలోకి దిగుతుంది. దాని మొదట్లో కాంక్రీటు దిమ్మె. వానలకి చుట్టూ గడ్డి ఏపుగా పెరిగి దాన్ని సగం కప్పేసింది. రోజూ పట్టాల మీద నడిచే మనిషి కళ్ళు ఎప్పుడూ బోల్టుల మీదే ఉంటాయి. గడ్డి కింద ఏముందో ఎవరు చూశారు? మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పీకి పారేసింది. మట్టి మెత్తగా, చల్లగా ఉంది. దిమ్మె మీద రెండు అరచేతులూ ఆనించి, ఒక్కసారి చెయ్యెత్తి ఊపి, మళ్ళీ ఆనించింది.

గొలుసు టకటకలాడింది. ఆగింది. ఎక్కడో పైన బండి ఊడిపడింది. హోరు దగ్గరైంది, నెత్తి మీదికొచ్చింది, మెలిక ఎక్కింది, దిగింది. తెల్లటి కాలు ఝుమ్మంది.

దిమ్మె ఆమె అరచేతుల కింద పక్కకి ఒరిగింది.

బండి వెళ్ళిపోయింది. హోరు తగ్గింది. దిమ్మె మాత్రం వెనక్కి రాలేదు. కోడలు ఊపిరి బిగపట్టి తలెత్తి చూసింది. నీలం రంగు మెలిక కొస, గాలి కూడా లేని ఆ ఆకాశంలో, మెల్లగా ఊగుతోంది.